పాటను మోయు తీగ: లౌడ్‌స్పీకరు తీగల పరీక్షకు మూడువందల యేండ్ల చరిత్ర

రామగుండమున బొగ్గును మండించి పుట్టించు విద్యుచ్ఛక్తి, ఉక్కుగోపురముల నడుమ వ్రేలాడు లావైన తీగలవెంట వందలకొలది కిలోమీటర్లు ప్రయాణము చేయును. ఆ శక్తియే పెద్దపల్లిలో ఒక ఇంటి ముందరి గదికి చేరి, వర్ధకములో పాటకు అనువుగా రూపుమారి, చివరకు వర్ధకమునుండి లౌడ్‌స్పీకరు వరకు గల నాలుగైదు మీటర్ల తీగలో నడచును. వందల కిలోమీటర్ల తీగను గూర్చి ఇంటి యజమాని ఎన్నడును ఆలోచింపడు. ఈ నాలుగైదు మీటర్ల తీగను గూర్చి మాత్రము ప్రపంచమంతటను అర్ధశతాబ్దమునుండి వాదము నడచుచున్నది. విద్యుత్ సామానుల దుకాణమున దొరకు సాధారణపు జంటతీగ చాలునని కొందరందురు. మీటరు వేలకొలది రూపాయలు పలుకు తీగ లేనిదే సంగీతము సంగీతము కాదని మరికొందరందురు. ఎవరి మాట నిజము? నిజమును తేల్చుట ఎట్లు?

ఈ ప్రశ్న కొత్తదిగా కనిపించునుగాని కొత్తది కాదు. ఒక తీగను మరియొక తీగతో పోల్చి చూచుట అను పనినుండియే విద్యుచ్ఛాస్త్రములో చాలభాగము పుట్టినది. ఆ చరిత్రను తెలిసికొన్నచో నేటి వాదము చాలవరకు దానంతట అదియే తేలిపోవును.

సన్నదనమా, పదార్థమా?

పిల్లలు అగ్గిపెట్టెలకు దారము కట్టి టెలిఫోను ఆట ఆడుదురు. బిగించిన తీగ ధ్వనిని దూరమునకు మోయునని రాబర్ట్ హుక్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు 1665లోనే వ్రాసియుండెను. అయితే అక్కడ తీగలో నడచునది కదలికయే, విద్యుత్తు కాదు.

విద్యుత్తు తీగవెంట నడచునని, అన్ని తీగలును ఒకటి కావని మొదట తెలిసికొన్నవాడు స్టీఫెన్ గ్రే. ఇతడు 1729లో గ్రాన్‌విల్ వీలర్ అను మిత్రుని ఇంట, ఒరిపిడిచే విద్యుదావేశము పొందిన గాజుగొట్టమునుండి ఆ ఆవేశమును జనుపదారము వెంట దూరమునకు పంపుచుండెను. దారమును పట్టుదారములతో వ్రేలాడదీసిరి. పట్టుదారము సన్నగానుండుటచే ఆవేశము దానిద్వారా జారిపోకున్నదని వారు తలచిరి. ఒకనాడు బరువునకు పట్టుదారము తెగెను. సన్నదనము చెడకుండ, బలము కలిగియుండునట్లు, వారు దానిస్థానమున సన్నని ఇత్తడితీగను కట్టిరి. వెంటనే ఆవేశమంతయు ఇత్తడితీగద్వారా జారిపోయినది. గొట్టమును ఎంత రుద్దినను దారము చివర ఏమియు కనిపింపలేదు.

తీగ పోయి తీగ వచ్చినది, లావు ఇంచుమించు మారలేదు, ఫలితము తారుమారైనది. కావున ముఖ్యమైనది సన్నదనము కాదు, పదార్థము. వాహకములు, బంధకములు అను భేదము ఈవిధముగా లోకమునకు తెలియవచ్చినది. ఒక్క లక్షణమును మాత్రమే మార్చి, తక్కినవాటిని మార్పకుండ పరీక్షింపవలెనను నియమమునకు ఇది చక్కని ఉదాహరణము. తెగిన దారము గ్రేకు తెలియకయే ఆ నియమమును పాటింపజేసినది.

ఒక పాఠశాల ఉపాధ్యాయుని కొలతలు

పదార్థము ముఖ్యమనినంతనే సరిపోదు. ఎంత పొడవు, ఎంత లావు ఉన్న తీగ ఎంత ప్రవాహమును పోనిచ్చును? దీనికి సమాధానము చెప్పినవాడు జర్మనీలో కొలోన్ నగరపు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగానుండిన జార్జ్ సైమన్ ఓమ్.

ఓమ్ మొదట వోల్టా ఘటమును ఉపయోగించెను. కాని ఆ ఘటము బలము పరీక్ష నడచుచుండగనే తగ్గిపోవుచుండుటచే, మారినది తీగయో ఘటమో తెలియకుండెను. అందుచే 1826లో ఇతడు బిస్మతు, రాగి కలిపిన ఉష్ణయుగ్మమును తీసికొని, ఒక కొనను మరుగు నీటిచేతను, మరియొక కొనను మంచుచేతను స్థిరమైన ఉష్ణోగ్రతలవద్ద ఉంచెను. దానినుండి లభించు విద్యుద్బలము నిలకడగానుండెను. ఒకే లావుగల ఎనిమిది రాగితీగలను, వేర్వేరు పొడవులుగలవాటిని, ఒకదాని తరువాత నొకటి కలిపి, అయస్కాంతపు సూది ఎంత తిరుగునో చూచెను. 1827లో ప్రకటించిన గ్రంథమున తన నియమమును వివరించెను. తీగ నిరోధము దాని పొడవుతో పెరుగును, అడ్డుకోత వైశాల్యముతో తగ్గును, పదార్థమునుబట్టి మారును.

స్వదేశమున ఈ గ్రంథమునకు వెంటనే ఆదరణ లభింపలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కాప్లే పతకము నిచ్చి గౌరవించిన పిమ్మటనే ఓమ్ కీర్తి స్థిరపడెను. నేడు లౌడ్‌స్పీకరు తీగను కొనదలచినవానికి కావలసిన సిద్ధాంతములో అధికభాగము ఆ ఉపాధ్యాయుని మూడు మాటలలోనే ఉన్నది.

సముద్రము క్రింద రాగి

మనదేశమున తంతిమార్గములకు ఆద్యుడు విలియం ఓషానెస్సీ అను వైద్యుడు. ఇతడు 1839లో కలకత్తా సమీపమున ప్రయోగములు చేసి, 1851 నాటికి కలకత్తానుండి డైమండ్ హార్బరు వరకు మార్గమును నిర్మించెను. ఇతడు వాడినది రాగి కాదు, లావైన ఇనుపకడ్డీ. ఇనుము రాగిలో ఆరవవంతు మాత్రమే వాహకత కలది. అయినను కడ్డీ లావుగానుండుటచే ఆ లోపము తీరినది. ఓమ్ నియమమే ఇక్కడ పనిచేసినది: పదార్థములోని లోటును వైశాల్యముతో పూరింపవచ్చును.

సముద్రము క్రింద వేయు కేబులు విషయమున ఈ సంగతి మరింత తీవ్రమైనది. అట్లాంటిక్ సముద్రమున తొలి కేబులును తయారుచేయుచుండిన కాలమున, 1857లో, విలియం థామ్సన్ (తరువాత లార్డ్ కెల్విన్ అయినవాడు) వేర్వేరు చోట్లనుండి వచ్చిన రాగితీగల ముక్కలను తెప్పించి నిరోధములను కొలిచెను. అన్నియు రాగి అనియే అమ్మబడినవి. చూచుటకు అన్నియు ఒకే రంగు, ఒకే లావు. అయినను వాటి వాహకతలలో ఆశ్చర్యకరమైన భేదములు కనిపించినవి. కొంతకాలమునకు అగస్టస్ మాతీసెన్ దీనికి కారణమును స్పష్టపరచెను. ఆర్సెనిక్ వంటి మలినములు లేశమాత్రముగా చేరినను రాగి వాహకత మిక్కిలి తగ్గును.

లావైన, శుద్ధమైన రాగి కావలెనని థామ్సన్ వాదించెను. కేబులు సంస్థకు విద్యుత్ నిపుణుడుగానుండిన వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అందుకు ఒప్పుకొనలేదు. 1858లో వేసిన కేబులులో నాటికల్ మైలుకు 107 పౌనుల రాగి మాత్రమే ఉండెను. ఆగస్టులో విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశము ఆవలి ఒడ్డునకు చేరుటకు సుమారు 16 గంటలు పట్టెను. వైట్‌హౌస్ పెద్ద ప్రేరణచుట్టలతో సుమారు 2,000 వోల్టుల ఒత్తిడిని ప్రయోగించి చూచెను. అప్పటికే లోపములుగల కేబులు మరింత చెడి, మూడు వారములలో మూగబోయెను. అపారమైన ధనము సముద్రము పాలైనది.

ఆ నష్టమునుండి ప్రపంచమునకు ఒక మేలు కలిగినది. 1861లో బ్రిటిష్ అసోసియేషన్ నిరోధమునకు ప్రమాణమును నిర్ణయించుటకై ఒక సంఘమును నియమించెను. ఇక తీగను కొనువాడు అమ్మువాని మాటపై ఆధారపడనక్కరలేదు. ఓములలో కొలిచి చూడవచ్చును. 1866లో విజయవంతమైన కేబులులో నాటికల్ మైలుకు 300 పౌనుల రాగి కలదు. 1913లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము శుద్ధమైన మెత్తని రాగికి ప్రమాణమును నిర్ణయించినది. 20 డిగ్రీల సెంటీగ్రేడువద్ద ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు వైశాల్యము గల రాగితీగ నిరోధము ఓములో 58వ వంతు. దీనిని 100 పాళ్ల వాహకతగా తీసికొందురు. ఈ లెక్కన అల్యూమినియము 61 పాళ్లు, వెండి సుమారు 106 పాళ్లు. ప్రాణవాయువు తీసివేసిన రాగియని గొప్పగా చెప్పబడు రాగి సుమారు 101 పాళ్లు. వెండితీగను కొన్నవానికి లభించు లాభము రాగితీగను నూటికి ఆరుపాళ్లు లావుగా తీసికొన్నచో లభించు లాభమంతయే.

వినికిడి తక్కువైనవాడు టెలిఫోనుకు చేసిన మేలు

1876లో గ్రాహం బెల్ టెలిఫోనును కనుగొనిన తరువాత తీగపై కొత్తభారము పడెను. తంతిలో చుక్కలు, గీతలు చేరినచో చాలును. టెలిఫోనులో మాటయొక్క స్వరమే చేరవలెను. దూరము పెరిగినకొలది మాట మసకబారుచుండెను.

దీనికి కారణమును, నివారణను కనుగొన్నవాడు ఆలివర్ హెవిసైడ్. ఇతడు పదునారేండ్లకే బడి మానినవాడు. కొంతకాలము తంతి ఉద్యోగి. బాల్యమున వచ్చిన జబ్బువలన వినికిడి తగ్గినవాడు. తీగకు నిరోధము, ధారిత మాత్రమేగాక ప్రేరకత్వము కూడ కలదనియు, దానిని తగినంత పెంచినచో మాట చెడకుండ సాగుననియు ఇతడు 1887లో చూపెను. బ్రిటిష్ పోస్టాఫీసు శాఖలో పలుకుబడిగల ఇంజనీరు విలియం ప్రీస్ ఈ మాటను త్రోసిపుచ్చెను. 1900 ప్రాంతమున అమెరికాలో మైకేల్ పుపిన్, జార్జ్ కాంప్‌బెల్ అనువారు తీగమార్గమున అక్కడక్కడ చుట్టలు అమర్చి హెవిసైడ్ మాటను నిజము చేసిరి.

తీగ ఉపరితలమునకు సంబంధించిన మరియొక సంగతియు ఈ కాలమునే తేలినది. ఏకాంతర ప్రవాహపు పౌనఃపున్యము పెరిగినకొలది ప్రవాహము తీగ నడిమి భాగమును విడిచి పైపొరకు చేరును. గోళాకారపు వాహకములలో దీనిని 1883లో హొరేస్ లాంబ్ లెక్కించెను. 1885లో హెవిసైడ్ అన్ని ఆకారములకును విస్తరింపజేసెను. రాగిలో ఈ పొరలోతు 50 హెర్ట్జులవద్ద సుమారు 9.3 మిల్లీమీటర్లు, చెవికి వినబడు మిక్కిలి హెచ్చు పౌనఃపున్యమైన 20,000 హెర్ట్జులవద్ద సుమారు 0.47 మిల్లీమీటరు.

పాఠకులు ఈ మాటలను గుర్తుంచుకొందురుగాక. ప్రేరకత్వము, ధారిత, పైపొర ప్రవాహము అను ఈ మాటలే వంద సంవత్సరముల తరువాత లౌడ్‌స్పీకరు తీగల ప్రకటనలలో మరల కనిపించినవి.

పెట్టె విడిపోయినది, తీగ పొడవైనది

చుట్ట కదలుటచే పలుకు లౌడ్‌స్పీకరునకు నేటి రూపమును 1925లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ ఇచ్చిరి. రేడియో పెట్టెలలో వర్ధకము, లౌడ్‌స్పీకరు ఒకే పెట్టెలో ఉండెడివి. వాటి నడుమ తీగ జానెడే. అందుచే తీగను గూర్చి ఎవ్వరును చర్చింపలేదు.

పరిస్థితిని మార్చినవి మూడు. ఒకటి, 1948లో వచ్చిన దీర్ఘకాలపు రికార్డు. దానివలన ఇంటిలో మంచి ధ్వనికై కోరిక పెరిగినది. రెండు, హెరాల్డ్ బ్లాక్ 1927లో కనుగొనిన రుణ పునఃప్రదానపద్ధతి. దానిని చక్కగా వినియోగించుకొని 1947లో విలియమ్సన్ రూపొందించిన వర్ధకము గృహ వర్ధకములకు ఆదర్శమైనది. ఈ పద్ధతివలన వర్ధకపు లోపలి నిరోధము చాల తగ్గినది. మూడు, 1958 ప్రాంతమున స్టీరియో రికార్డులు బజారుకు వచ్చినవి. రెండు లౌడ్‌స్పీకర్లను గదిలో రెండు మూలల ఉంచవలసివచ్చెను. జానెడు తీగ పలు మీటర్లైనది. వర్ధకపు లోపలి నిరోధము ఓములో పదవవంతుకంటె తక్కువకు దిగినప్పుడు, తీగ నిరోధమే ఆ రెంటిలో పెద్దదైనది. ప్రశ్నకు అసలు పుట్టుక ఇక్కడనే.

1970వ దశకమువరకు చాలమంది దీపపుతీగనే వాడుచుండిరి. ఆ దశకపు నడుమ జపాన్, ఫ్రాన్స్, అమెరికా దేశములలో ప్రత్యేక తీగలను గూర్చిన వ్రాతలు బయలుదేరినవి. 1979లో నోయెల్ లీ అను ఇంజనీరు కాలిఫోర్నియాలో మాన్‌స్టర్ కేబుల్ అను సంస్థను స్థాపించి లావైన తీగలను అమ్మసాగెను. క్రమముగా అదియొక పెద్ద వ్యాపారమైనది.

కన్ను మూసి చెవి తెరచుట

భేదము వినబడునో లేదో తేల్చుటకు వినుటయే పరీక్ష. కాని ఏ తీగ వాడుచున్నారో వినువానికి తెలిసినచో, వెలయు పేరుయు కూడ అతని చెవిలో పలుకును. ఈ చిక్కును తప్పించుటకు బెల్ ప్రయోగశాలలకు చెందిన మన్సన్, గార్డ్‌నర్ 1950లో ఒక పద్ధతిని ప్రకటించిరి. మొదట ఒక ధ్వనిని, తరువాత రెండవదానిని వినిపింతురు. పిమ్మట ఆ రెంటిలో ఒకదానిని, ఏదియో చెప్పకుండ, వినిపింతురు. అది మొదటిదో రెండవదో వినువాడు చెప్పవలెను. ఊహించి చెప్పినను సగము సరియగును గనుక, అనేకసార్లు చేసి, సగముకంటె స్పష్టముగా ఎక్కువసార్లు సరియైనప్పుడే భేదము వినబడినదని ఒప్పుకొందురు. 1982లో డేవిడ్ క్లార్క్ ఈ పద్ధతిని వర్ధకములు, తీగలు మొదలగువాటికి అనువైన యంత్రముగా వివరించెను.

1983లో లారెన్స్ గ్రీన్‌హిల్ ఒక అమెరికన్ పత్రికకై ఇట్టి పరీక్షను తీగలకు జరిపెను. మిక్కిలి సన్నని 24 గేజి తీగను లావైన తీగతో పోల్చినప్పుడు, హోరువంటి ధ్వనిలో వినువారు భేదమును పట్టగలిగిరి. సంగీతములో 16 గేజి సాధారణపు తీగను, వెలగల తీగను నమ్మదగినంతగా వేరుచేయలేకపోయిరి. 1991లో ఫ్రెడ్ డేవిస్ పన్నెండు తీగలను కొలిచి, నిరోధము, ప్రేరకత్వము తక్కువగానుండుటయే మంచి తీగకు లక్షణమని చూపెను. ఈ రెండును పాతమాటలే: ఓమ్, హెవిసైడ్ చెప్పినవే.

మన బజారు తీగలతో లెక్క

మన దుకాణములలో నేటికిని 14/36, 23/36, 40/36, 70/36 అని అడుగు అలవాటు కలదు. మొదటి సంఖ్య పోగుల లెక్క. రెండవది పోగు గేజి. 36 గేజి పోగు వ్యాసము 0.193 మిల్లీమీటరు. కావున ఈ తీగల వైశాల్యములు వరుసగా 0.41, 0.67, 1.17, 2.05 చదరపు మిల్లీమీటర్లు. వర్ధకమునుండి లౌడ్‌స్పీకరునకు 10 మీటర్ల దూరమున్నచో పోవుటకు, వచ్చుటకు 20 మీటర్ల రాగి కావలెను. దాని నిరోధము 14/36 తీగలో 0.84 ఓము, 23/36లో 0.51, 40/36లో 0.29, 70/36లో 0.17 ఓము.

8 ఓముల లౌడ్‌స్పీకరుతో 14/36 తీగ ధ్వనిని సుమారు 0.87 డెసిబెల్ తగ్గించును; 40/36 తీగ 0.31 డెసిబెల్, 70/36 తీగ 0.18 డెసిబెల్. ధ్వని అంతయు సమముగా తగ్గినచో మీటను కొంచెము త్రిప్పి సరిచేయవచ్చును. అసలు చిక్కు వేరు. 8 ఓములదని వ్రాసిన లౌడ్‌స్పీకరు అన్ని స్వరములకును 8 ఓములు చూపదు; ఒక స్వరమున 6 ఓములు, మరియొక స్వరమున 30 ఓములు చూపవచ్చును. అప్పుడు 14/36 తీగ మొదటి స్వరమును 1.14 డెసిబెల్, రెండవదానిని 0.24 డెసిబెల్ తగ్గించును. రెండు స్వరముల నడుమ 0.9 డెసిబెల్ భేదము వచ్చును. ఇది శ్రద్ధగా వినువానికి తెలియదగినంత. 40/36 తీగలో ఆ భేదము 0.33 డెసిబెల్ మాత్రమే. కాబట్టి తీగలన్నియు ఒకటే అనువారి మాటయు పూర్తిగా నిజము కాదు. సన్నతీగ పాటను నిజముగనే కొంత మార్చును. దానికి మందు మాత్రము వెలగల తీగ కాదు; కొంచెము లావైన తీగ.

పైపొర ప్రవాహము సంగతి యేమి? 40/36 వైశాల్యముగల ఒంటితీగలో 20,000 హెర్ట్జులవద్ద నిరోధము నూటికి సుమారు 6 పాళ్లు పెరుగును. 0.29 ఓములో అది 0.02 ఓము. ప్రేరకత్వము సంగతి యేమి? ప్రక్కప్రక్కన నడచు జంటతీగలో మీటరునకు సుమారు 0.6 మైక్రోహెన్రీ ఉండును. 10 మీటర్లకు 6 మైక్రోహెన్రీలు. 20,000 హెర్ట్జులవద్ద దీని అడ్డంకి 0.75 ఓము. ఇది నిరోధముతో నేరుగా కూడదు, లంబముగా కూడును. అందుచే 8 ఓముల నిరోధము ఎదుట దీనివలన అదనముగా తగ్గునది డెసిబెల్‌లో నూటికి నాలుగు వంతులు మాత్రమే. హెవిసైడ్ చెప్పినది వందల కిలోమీటర్ల టెలిఫోను మార్గమునకు. 20,000 హెర్ట్జుల తరంగము తీగలో సుమారు 10 కిలోమీటర్ల పొడవుండును. గదిలోని 10 మీటర్లు అందులో వెయ్యవవంతు. ప్రకటనలలోని మాటలు అబద్ధములు కావు. సముద్రమునకు తగిన మాటలను చెంబెడు నీటికి చెప్పుటయే అందలి దోషము.

మైకుసెట్టు, రామగుండము

తీగ పొడవు నిజముగనే పెరిగినప్పుడు ఏమి చేయవలెనో ఊరి మైకుసెట్టువారికి బాగుగా తెలియును. సభాస్థలమునుండి 200 మీటర్ల దూరమున లౌడ్‌స్పీకరు కట్టవలెననుకొందము. 23/36 తీగ పోవుటకు, వచ్చుటకు సుమారు 10 ఓములు. 8 ఓములవద్ద 100 వాట్లు ఇయ్యగల వర్ధకమును నేరుగా కలిపినచో లౌడ్‌స్పీకరునకు చేరునది సుమారు 19 వాట్లే. అంతకంటె ఎక్కువ శక్తి తీగలో వేడిగా పోవును. అందుచే వర్ధకములో 100 వోల్టుల మార్గమును ఏర్పరతురు. లౌడ్‌స్పీకరువద్ద పరివర్తకముతో ఒత్తిడిని తిరిగి తగ్గింతురు. అప్పుడు అదే తీగలో సుమారు 82 వాట్లు చేరును.

రామగుండమున జరుగునదియు ఇదియే. అక్కడి జాతీయ థర్మల్ విద్యుత్ కేంద్రమునకు 1978లో శంకుస్థాపన జరిగినది. 200 మెగావాట్ల తొలి యంత్రము 1983లో పనిచేయ నారంభించినది. అట్టి యంత్రము 15.75 కిలోవోల్టులవద్ద విద్యుత్తును పుట్టించును. ఆ ఒత్తిడివద్దనే పంపినచో ప్రతి తీగలోను సుమారు 7,300 ఆంపియర్లు నడువవలెను. 400 కిలోవోల్టులకు పెంచి పంపినచో 289 ఆంపియర్లు చాలును. తీగలో నష్టము ప్రవాహపు వర్గమునుబట్టి ఉండును గనుక, అది ఆరువందల వంతులకు పైగా తగ్గును. మనదేశమున 400 కిలోవోల్టుల మార్గములకు విరివిగా వాడు మూస్ అను తీగలో 54 అల్యూమినియపు పోగులు, నడుమ బలమునకై 7 ఉక్కుపోగులు ఉండును; ఒక్కొక్క పోగు 3.53 మిల్లీమీటర్లు. దేశపు నగరములను వెలిగించు తీగలో రాగియే లేదు. సమాన నిరోధమునకు అల్యూమినియము రాగిలో సగము బరువే ఉండుటచే దానిని ఎన్నుకొనిరి.

గనిలో తీగ

గోదావరిఖనివంటి బొగ్గు ప్రాంతమున తీగను గూర్చిన జ్ఞానమునకు మరింత గంభీరమైన విలువ కలదు. 1913 అక్టోబరు 14న వేల్సు దేశమున సెంగనెడ్ బొగ్గుగనిలో జరిగిన ప్రేలుడులో 439 మంది గని కార్మికులును, రక్షణకు దిగిన మరియొకరును మరణించిరి. గంటల సంకేతములకు వాడిన విద్యుత్ పరికరమునుండి వచ్చిన నిప్పురవ్వయే కారణమై యుండవచ్చునని విచారణలో అనుమానింపబడెను. గంటకు వాడునది బహుస్వల్పమైన ఒత్తిడి; అది ప్రమాదకరము కాదని అప్పటివారి నమ్మకము. కాని గంట చుట్టలోని ప్రేరకత్వము శక్తిని దాచుకొనును. తీగ విడిపోవు క్షణమున ఆ శక్తి నిప్పురవ్వగా బయటపడును. తరువాతి సంవత్సరములలో వీలర్, థార్న్‌టన్ మున్నగువారి పరిశోధనలవలన, వాయువును మండింపజాలని స్వల్పశక్తిగల వలయములను నిర్మించు పద్ధతి ఏర్పడెను.

గదిలోని తీగలో లెక్కింపదగని ప్రేరకత్వము గని గంటచుట్టలో ప్రాణాంతకమైనది. ఏది పెద్దది, ఏది చిన్నది అనునది పేరునుబట్టి కాక కొలతనుబట్టియే నిర్ణయింపవలెను. బొగ్గుగనులలో విద్యుత్ డిటోనేటర్లు వాడిన కాలమున, ప్రేల్చుటకు ముందు సురక్షితమైన పరీక్షాయంత్రముతో వలయపు నిరోధమును చూచుట నియమము. అక్కడ తీగ బాగున్నదని కంటితో చూచి చెప్పుట చెల్లదు.

పాఠశాలలో చేయదగిన పరీక్ష

నేటి బజారులో థామ్సన్ ఎదుర్కొన్న చిక్కు వేరొక రూపమున మరల వచ్చినది. అల్యూమినియపు పోగుకు పైన పలుచని రాగిపూత గల తీగ వచ్చుచున్నది. చూచుటకు రాగివలెనే ఉండును. వాహకత రాగిలో మూడింట రెండు వంతులు మాత్రమే. అట్టిదని చెప్పి అమ్మినచో తప్పులేదు. రాగియని అమ్మినచో మోసము. ఇంటి దీపములకు, పంకాలకు దీనిని రాగితీగ అనుకొని వాడినచో తీగ, అతుకులు వేడెక్కి ప్రమాదము కలుగవచ్చును. పాట చెడుట దానియెదుట చిన్నవిషయము.

దీనిని కనిపెట్టుట ఉన్నత పాఠశాల విద్యార్థులకు కష్టము కాదు. ఒక పోగును కత్తితో గీకినచో లోపలి తెలుపు కనిపించును. తూచినచో తేలికగానుండును: రాగి సాంద్రత 8.9, అల్యూమినియము సాంద్రత 2.7. నిరోధమును కొలుచుట అన్నింటికంటె మేలు. చేతిలో ఇముడు సాధారణపు మీటరు 0.3 ఓమును నమ్మకముగా చూపజాలదు. కావున 12 వోల్టుల బాటరీ, 12 వాట్ల మోటారుబండి దీపము, ఆమ్మీటరు, 10 మీటర్ల జంటతీగ ఒకే వరుసలో కలుపవలెను. జంటతీగ ఒక చివర రెండు కొనలను ముడివేసినచో 20 మీటర్ల తీగ అగును. ప్రవాహము సుమారు 1 ఆంపియరు ఉండును. తీగ రెండు కొనల నడుమ వోల్టులను కొలిచి ప్రవాహముతో భాగింపవలెను. నిజమైన 40/36 రాగితీగ సుమారు 0.29 ఓము చూపును. రాగిపూత తీగ 0.43 ఓము దరిదాపున చూపును. పోగుల సంఖ్య తగ్గించి అమ్మిన తీగయు ఈ పరీక్షలోనే బయటపడును. కళాశాల ప్రయోగశాలలోని మీటరు బ్రిడ్జితోను ఇదే పోలిక చేయవచ్చును. ఆ బ్రిడ్జికి మూలమైన అమరికను 1833లో క్రిస్టీ కనుగొనగా, 1843లో వీట్‌స్టన్ ప్రచారము చేసెను.

తరువాత చెవి పరీక్ష. తెరవెనుక ఒక విద్యార్థి నాణెమును ఎగురవేసి, బొమ్మ పడినచో ఒక తీగను, బొరుసు పడినచో మరియొక తీగను కలిపి, ఏది కలిపెనో వ్రాసికొనవలెను. ధ్వని బలమును రెండు తీగలకును సమముచేయవలెను. లేనిచో కొంచెము బిగ్గరగా పలికినదే మేలైనదిగా తోచును. తెర ఇవతల వినువారు తమ సమాధానములను వేర్వేరుగా వ్రాయవలెను. ఇరువదిసార్లు చేసి లెక్కించినచో, పది పన్నెండు సరియగుట ఊహకును సాధ్యమే; పదునైదు లేక అంతకు మించి సరియైనచో భేదము వినబడుచున్నదని చెప్పుటకు ఆధారము కలదు.

2016లో కరీంనగరు జిల్లానుండి ఏర్పడిన పెద్దపల్లి జిల్లాలో ఏ ఉన్నత పాఠశాలలోనైనను ఈ రెండు పరీక్షలును ఒక మధ్యాహ్నమున పూర్తి చేయవచ్చును. ఇంటి గదిలో పది మీటర్లలోపు దూరమునకు 40/36 రాగి జంటతీగ చాలుననియు, 4 ఓముల లౌడ్‌స్పీకరైనచో 70/36 తీసికొనుట మేలనియు లెక్క చెప్పుచున్నది. మిగిలిన ధనమును మంచి లౌడ్‌స్పీకరుపై వెచ్చించినచో దాని ఫలము తెర వెనుకనుండి విన్నవానికిని తెలియును.